ఐదో డ్రమ్ము

మా ఆయన షిమోన్ మార్చిలో పోయాడు. కొండల మీద మంచు పూర్తిగా కరగకముందే, ఆయన డ్రమ్ము ఇక ఎవరు మోయాలన్న గొడవ మా వంటింట్లోకి వచ్చింది.

తెచ్చినవాడు డామ్ ఫుస్కో. మా ఊరి డ్రమ్ బృందం పేరు ‘లాంతర్లు’. అందులో డ్రమ్ములవాళ్ళకు నేర్పేది అతనే. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేనిచ్చిన కాఫీ తాగకుండా కప్పును అటూ ఇటూ తిప్పాడు. చివరికి మా అమ్మాయి ముఖం చూడకుండా, “వాల్ట్ ప్రూగర్‌ని అడిగాను, టిల్లీ” అన్నాడు.

టిల్లీ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. “ఏ వాల్ట్ ప్రూగర్?” అంది, మా లోయలో ఆ పేరుతో ఇంకొకడు ఉన్నట్టు.

“ఉన్నది ఒక్కడేగా.”

“ఆ గార్డ్స్ ముసలాడా?”

“గార్డ్స్ ఎక్కడున్నారు తల్లీ? ఆ బృందాన్ని పోయినేడాదే మూతేశారు. జీవితమంతా పెద్ద డ్రమ్ము మోసినవాడు. ఇప్పుడు ఆదివారాలు వరండాలో కూర్చుని వచ్చేపోయే కార్లు చూసుకుంటున్నాడు.”

“చూసుకోనీ.”

“మరి మీ నాన్న డ్రమ్ము?”

“ఖాళీగా ఉంచుదాం. నలుగురం వాయిస్తాం. ఆయన దెబ్బ దగ్గర ఆగుతాం.”

“ఆగితే అక్కడ గుంట పడుతుందే! మనింట్లో మనిషి పోయాడని జడ్జీలు మార్కులేస్తారా?”

 టిల్లీ చేతిలోని దుంప చెక్కుతో పాటు సగం కరిగిపోయింది.

మా లోయలో బొగ్గు గనులు మూతపడ్డాక కూడా మూతపడకుండా మిగిలినవి చర్చీలూ, డ్రమ్ బృందాలూ. వేసవి అంతా శని, ఆదివారాల్లో ఏదో ఒక ఊరి ఫుట్‌బాల్ మైదానంలో బూరలు, డ్రమ్ములు, జెండాలతో వరసలు కట్టి, నడుస్తూ వాయించి, పక్క ఊళ్ళవాళ్ళతో పోటీ పడేవాళ్ళం. పిల్లల బృందాలు వేరే ఉంటాయి. మాది అన్ని వయసులవాళ్ళదీ. స్కూలు పిల్లల పక్కన మనవలున్న తాతలు నడిచేవారు. సెప్టెంబరు మొదట్లో సెలవు వస్తుంది, అప్పుడు పెద్ద పోటీ. శనివారం అందరూ వాయిస్తారు. అందులో మొదటి పది బృందాలకే ఆదివారం మళ్ళీ మైదానం మీదికి పిలుపు. నేను ఏమీ వాయించను. బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేదాన్ని కనక బృందం కోట్లన్నీ నా చేతుల మీదుగా పోయేవి.

పెద్ద డ్రమ్ములు ఐదు ఉంటాయి. మనిషికొకటి పొట్టకు తగిలించుకుంటారు. గ్లిన్ అనే పోస్ట్‌మన్‌ది అన్నిటికంటే చిన్నది, షిమోన్‌ది అన్నిటికంటే పెద్దది. ఐదుగురికీ కలిపి ఒకటే వరస, మనిషికి ఒక్కటే దెబ్బ. ఆ దెబ్బలు చిన్న డ్రమ్ము మీద మొదలై పెద్ద డ్రమ్ము దాకా, బంతి మెట్ల మీద దొర్లినట్టు దిగాలి. దాన్ని వాళ్ళు పరుగు అంటారు. పరుగు మొత్తం ఎవరికీ సొంతం కాదు. ఒక్కరు తప్పితే ఐదుగురిదీ పోతుంది. టిల్లీది నాలుగోది, వాళ్ళ నాన్న పక్కది. పదహారేళ్ళప్పుడు ఆయన పక్కన నిలబడింది. ఇరవై నాలుగేళ్ళు వచ్చేవరకూ ఏ వేసవీ ఆ చోటు వదల్లేదు.

ఆయన పోయాక ఆ పిల్ల ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. ఇంట్లో మాట్లాడటం మానేసింది. నాకు అప్పట్లో చదవడం రాదు. కారు నేను నడుపుతుంటే దారి బోర్డులు ఆమె చదివి చెప్పేది. ఆ వేసవి ఆమె నాతో మాట్లాడిన మాటల్లో సగం ఊళ్ళ పేర్లే. డ్రమ్ము తగిలించుకుంటే మాత్రం ముఖంలోకి కాస్త నెత్తురు వచ్చేది. అది కూడా వదిలేస్తే ఈ పిల్ల గది తలుపు వేసుకుని ఏమైపోతుందోనని నా భయం. దేవుణ్ణి నేను ఇంకేమీ అడగలేదు. దీన్ని ఆ వరసలో ఉండనీ అన్నాను.

*

వాల్ట్ ప్రూగర్ మే నెలలో కోటు కొలతకు మా ఇంటికి వచ్చాడు. పైపులు బాగుచేసే మనిషి, మా తలుపంత వెడల్పు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు. ఒక సాక్సులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. దాన్ని రెండో కాలి కింద దాచుకుని నిలబడ్డాడు.

బృందం దగ్గర కొత్త కోటుకు గుడ్డ లేదు. ఉన్నవాటిలో పెద్దది షిమోన్‌దే. ఆకుపచ్చది, ఛాతీ మీద పసుపు లాంతరు. చంకల దగ్గర విప్పి, అతుకులు వేసి పెంచాలి.

“చేతులెత్తండి” అన్నాను.

ఎత్తాడు. ఎక్కడో దారం పటుక్కుమంది. “ఇర్మా, నీ మొగుడికి అసలు భుజాలున్నాయా? ఇన్నేళ్ళూ ఆ డ్రమ్మెలా మోశాడు?”

“నోటితో మోశాడు.”

వాల్ట్ పకపకా నవ్వి, వెంటనే తప్పు చేసినవాడిలా ఆగిపోయాడు.

“నవ్వండి. మీ చావుకు ఆయన వచ్చుంటే ఇంతకంటే గట్టిగా నవ్వేవాడు.”

“అందరికంటే ముందు కూడా వచ్చుండేవాడు” అన్నాడు వాల్ట్.

నాకూ నవ్వు వచ్చింది. షిమోన్ అన్నిటికీ ముందే. చర్చి తలుపులు తీయకముందే మెట్ల మీద ఉండేవాడు. పొయ్యి మీది సూపు గిన్నెలోకి రాకముందే నాలుక కాల్చుకునేవాడు. పోటీల్లో ఆయన దెబ్బ పడగానే అవతల నుంచి గార్డ్స్ వాళ్ళు, “షిమోన్ రైలు కదిలిందిరోయ్, ఎక్కండి!” అని అరిచేవారు. ఆ అరిచేవాళ్ళకు పెద్ద ఈ వాల్టే. షిమోన్ ఊరుకునే మనిషా? “మీరు చర్చికొచ్చేసరికి పాదిరీ భోంచేసి పడుకుంటాడు!” అనేవాడు. పోటీ అయ్యాక ఇద్దరూ ఒకే సారాకొట్టులో చెరో మూల తాగేవారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

నేను సూదులు గుచ్చుతుండగా టిల్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న కోటులో ఆ మనిషిని చూసి గుమ్మంలోనే ఆగింది.

“గుడ్ ఈవెనింగ్, మిస్టర్ ప్రూగర్.”

“బాగున్నావామ్మా?”

“ఎక్కువ కత్తిరించకమ్మా” అంది నాతో. “వేసవి అయ్యాక మళ్ళీ మామూలుగా కుట్టెయ్యాలి.”

మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. వాల్ట్ చేతులు ఇంకా పైకే ఉన్నాయి.

“దించండి” అన్నాను.

“పర్లేదు, ఇర్మా. నేనైనా అదే అనేవాణ్ణి” అన్నాడు.

*

జూన్‌లో స్కూలు వెనక తారు మైదానం మీద ప్రాక్టీసు. తారు కరిగి బూట్లకు అంటుకునేది. నేను చెట్టు నీడలో బొత్తాలు కుట్టుకుంటూ వినేదాన్ని.

పరుగు కుదరలేదు. మొదటి మూడు డ్రమ్ములూ చక్కగా దిగేవి. నాలుగోది కాలు జారినట్టు గబుక్కున పడేది. తరవాత చిన్న గుంట. ఆ గుంట దాటాక వాల్ట్ దెబ్బ, తీరిగ్గా, ఒంటరిగా.

“మిస్టర్ ప్రూగర్, లేటు” అనేది టిల్లీ.

“సరేనమ్మా.”

మళ్ళీ వాయించేవారు. మళ్ళీ అదే గుంట.

“లేటు.”

“సరేనమ్మా.”

గ్లిన్ చెమట తుడుచుకుంటూ, “ఆ గుంటలో నా సైకిల్ పడిపోయేట్టుంది. ఎవరైనా మట్టి పోయండయ్యా” అనేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. డామ్ ఫుస్కో తల వంచుకుని బూటు కొనతో తారు గీకేవాడు. అంత నోరున్న మనిషి ఏమీ అనకపోవడం నాకు వింతగా ఉండేది.

జులైలో నది పక్క ఊళ్ళో పోటీ. ఎప్పుడూ మా వెనక వచ్చే బృందం ఆ రోజు మా ముందు వచ్చింది. వాయించి వచ్చి, మా డ్రమ్ములవాళ్ళు సామాన్ల లారీ వెనక డ్రమ్ములు దించుతున్నారు. నేను మంచినీళ్ళ బకెట్, గరిటె పట్టుకుని వెళ్ళాను.

“ఒక్కసారంటే ఒక్కసారి కూడా టైముకు రారా మీరు?” అంటోంది టిల్లీ. “గార్డ్స్‌లో ఇలాగే ఈడ్చేవారా?”

వాల్ట్ గరిటెతో నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. “నేను టైముకే వస్తున్నానమ్మా.”

“అయితే లేటు నేనా?”

“నువ్వు లేటు కాదు. ముందొస్తున్నావు. మీ నాన్న ముందొచ్చేవాడు కాబట్టి ఆయన పక్కన నువ్వూ ముందొచ్చేదానివి. ఆయన లేడు. నువ్వింకా ముందే వస్తున్నావు.”

గ్లిన్ తన డ్రమ్ము పట్టీ వైపు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

“డామ్?” అంది టిల్లీ. “చెప్పు ఈయనకి.”

డామ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “నువ్వొచ్చేనాటికే మీ నాన్నతో పోట్లాడీ పోట్లాడీ అలిసిపోయాను, టిల్లీ. ఆయన వంగడు. ఆయన్ని వంచలేక, పక్కనున్న నాలుగో డ్రమ్మును ఆయన వైపు వంచాను. ఇద్దరూ ఒకే తొందరలో వస్తే వినడానికి బాగానే ఉండేది. నువ్వప్పుడు చిన్నపిల్లవి. అదే టైమని నీకు నేర్పాను.”

“అంటే మా నాన్నకి వాయించడం రాదా?”

“నేనలా అనలేదే...”

“ఇన్నేళ్ళూ అందరూ కలిసి నవ్వుకున్నారా?”

“మీ నాన్నని చూసి నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే” అన్నాడు వాల్ట్. “అదీ ఆయన మొహం మీదే నవ్వాను.”

టిల్లీ డ్రమ్ము కర్రలు పెట్టెలో పెట్టింది. మూత నెమ్మదిగా వేసింది. విసిరికొట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

“సెప్టెంబరు పోటీ దాకా ఉంటాను. మాటిచ్చాను కాబట్టి. ఆ తరవాత నన్ను పిలవొద్దు. మీ టైము మీరు పెట్టుకోండి.”

తిరుగుదారిలో ఆమె ఒక్క బోర్డు కూడా చదవలేదు. మా మలుపు దాటిపోయి, తెలియని ఊరి పెట్రోలు బంకు ముందు ఆగాను. అక్కడున్న మనిషిని దారి అడిగాను. టిల్లీ అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

*

ఆగస్టంతా ఆమె ఫ్యాక్టరీ నుంచి రాగానే ఇంటి కింద గదిలోకి దిగేది. రబ్బరు పలక మీద వాయించుకునే చప్పుడు నా వంటింటి నేల కింద నుంచి వచ్చేది. ఒక దెబ్బ. కాసేపటికి ఇంకో దెబ్బ. ఏం నేర్చుకుంటోందో నాకు అర్థమయ్యేది కాదు. నాలుగో డ్రమ్ము ఒంటరిగా మోగితే ఎవరికేం తెలుస్తుంది? అటూ ఇటూ మనుషులు లేకపోతే అది ముందొచ్చిందో వెనకొచ్చిందో ఎవరు చెప్పగలరు?

ప్రాక్టీసులో గుంట అలాగే ఉండేది. ఇప్పుడు లేటు అని ఎవరూ అనేవారు కాదు. “మంచినీళ్ళు కావాలా, మిస్టర్ ప్రూగర్?” “వద్దమ్మా, థాంక్యూ.” వాళ్ళ మర్యాద వింటుంటే ఒంటికి చలేసేది. పోటీకి ముందు శుక్రవారం ఆఖరి ప్రాక్టీసు అయ్యాక డామ్ చేతులు దులుపుకున్నాడు. “నేను చెప్పాల్సింది చెప్పాను. రేపు పొద్దున ఆ పరుగు ముట్టుకోను. ముట్టుకుంటే భయం ఇంకా పెరుగుతుంది. మైదానంలో మీ ఇష్టం, దేవుడిష్టం.”

శనివారం ఎండ మండిపోతోంది. స్టేడియం బయట మా వాళ్ళు వరసలు కట్టారు. నేను ఒక్కొక్కరి కోటూ చూసుకుంటూ వచ్చాను. వాల్ట్ మెడ దగ్గర కొక్కెం పడలేదు. వేలు దూర్చి బిగిస్తుంటే ఆయన గొంతు తగ్గించాడు.

“ఇర్మా, ఇవాళ షిమోన్ రైలెక్కుతున్నా.”

“ఏంటి?”

“ఆయన వచ్చే చోటికి నేనొస్తా. వరండాలో కూర్చుని నెల రోజులు తొడ మీద వాయించుకుని నేర్చుకున్నా. ఆ పిల్ల మారేకంటే నేను మారితే పోలా?”

“దానికి చెప్పారా?”

“చెబితే వద్దంటుంది. వాళ్ళ నాన్నకంటే మొండిది.”

అంతలో మా బృందాన్ని పిలిచారు. వరస కదిలింది. ఆ మనిషి వెడల్పాటి వీపు మీద నేను వేసిన అతుకు, ఆకుపచ్చ పక్కన ఇంకో ఆకుపచ్చ, ఎండలో తేడా తెలిసిపోతోంది. నేను పరుగున మెట్లెక్కి మా ఊరివాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. మార్చి తరవాత నా గుండె తేలికపడింది ఆ రోజే. టిల్లీకి వాళ్ళ నాన్న దెబ్బ మళ్ళీ వినపడుతుంది, ఇక ఆ పిల్ల బృందంలోనే ఉండిపోతుంది అనుకున్నాను.

ఆ రోజు మా వాళ్ళు వాయించినంత బాగా నేను ఎప్పుడూ వినలేదు. బూరలు ఒక్క గొంతుతో లేచాయి. జెండాలు ఒకే చెయ్యి తిప్పినట్టు తిరిగాయి. నెమ్మది పాట చివరికి వచ్చింది. బూరలు ఆగాయి. ఐదు డ్రమ్ములూ మైదానం ముందుకు వచ్చి నిలబడ్డాయి. స్టేడియమంతా నిశ్శబ్దం.

గ్లిన్. రెండోది. మూడోది.

తరవాత నాలుగోదీ ఐదోదీ ఒక్కసారే మోగాయి.

గాలికి తలుపు ధడాలుమన్నట్టు వచ్చింది చప్పుడు. ఆఖరి దెబ్బ పడాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీలో ఎవరి చంటిపిల్లో ఏడుపు మొదలుపెట్టింది. నా పక్కనున్న ఆవిడ “అయ్యో” అంది. కింద టిల్లీ తల కదపలేదు, కదపకూడదు. కానీ ఆమె కళ్ళు పక్కకు వాల్ట్ వైపు తిరగడం నాకు అంత పైనుంచి కూడా కనిపించినట్టే అనిపించింది.

సాయంత్రం అన్ని బృందాలనూ డ్రమ్ములతో సహా మైదానంలో నిలబెట్టి స్థానాలు చదివారు. పది పేర్లలో మా పేరు లేదు. పదకొండోది మాది.

*

బూరలవాళ్ళు బస్సుల దగ్గర నేల చూస్తూ నిలబడ్డారు. డ్రమ్ములవాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. నేను బకెట్ పట్టుకుని లారీ వెనక్కి వెళ్ళేసరికి అరుపులు వినపడ్డాయి.

“ఎవరు రమ్మన్నారు నిన్ను ముందుకి?” అంటోంది టిల్లీ.

“ఎవరు వెళ్ళమన్నారు నిన్ను వెనక్కి?”

“వెనక్కి కాదు, టైముకి! నెల రోజులు ఆ కింద గదిలో చచ్చీ చెడీ నేర్చుకున్నా, టైముకి రావడం! అందరి ముందూ చూపించడానికి మొహం చెల్లక ఇవాళ్టి దాకా దాచుకున్నా!”

“నేను తప్పు వాయించడం నేర్చుకున్నానే తల్లీ, ఈ వయసులో!” వాల్ట్ ముఖం ఎర్రగా ఉంది. “మీ నాన్న ఎంత ముందొచ్చేవాడో అంతే ముందు, గోరంత అటూ ఇటూ కాకుండా. ఎంత కష్టమో తెలుసా? ఒప్పు ఎవడైనా వాయిస్తాడు!”

“నాకోసం నువ్వెందుకు మారాలి?”

“మరి నువ్వెవరికోసం మారావు?”



గ్లిన్ డ్రమ్ము మీద మోచేతులు ఆనించి నిట్టూర్చాడు. “ఇద్దరూ మంచోళ్ళే. అందుకే పదకొండో స్థానం. కాస్త దుర్మార్గులు ఎవరైనా ఉంటే రేపు ఫైనల్లో ఉండేవాళ్ళం.”

ముందు నవ్వింది టిల్లీయే. ముక్కులోంచి, ఆపుకోలేక. ఆ నవ్వు మధ్యలో ఏదో తెగింది. డ్రమ్ము ఇంకా పొట్టకే ఉంది, కింద కూర్చోవడానికి లేదు, ముఖం దాచుకోవడానికి లేదు. అలాగే డ్రమ్ము అంచు మీదికి వంగి ఏడ్చింది. చర్చిలో ఏడవని ఏడుపు, సమాధి దగ్గర ఏడవని ఏడుపు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే ఏడ్చినట్టు, పెద్దగా.

నేను వెళ్ళలేదు. బకెట్ పట్టుకుని లారీ పక్కనే ఉండిపోయాను.

వాల్ట్‌కు ఏం చెయ్యాలో తెలియలేదు. చెయ్యి ఎత్తి, దించుకున్నాడు. ఆఖరికి తన డ్రమ్ముతో రెండడుగులు జరిగి, వరసలో ఎప్పుడూ నిలబడే చోట, ఆమె పక్కన, ముందుకు చూస్తూ నిలబడ్డాడు. అది చూసి గ్లిన్ వచ్చి తన చోట నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ వచ్చారు. డామ్ దూరంగా బస్సు మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. కదల్లేదు.

చాలాసేపటికి టిల్లీ తలెత్తి, తెల్ల గ్లవ్స్‌తోనే ముఖం తుడుచుకుంది.

“ఒకసారి వాయిద్దాం” అంది.

“ఎవరెటు?” అన్నాడు వాల్ట్. “ముందే చెప్పు. లేకపోతే ఈసారి పన్నెండో స్థానం వస్తుంది.”

“నువ్వు నీ చోటే ఉండు. కదలకు. నేనొస్తా.”

గ్లిన్ కర్రతో అంచు మీద తట్టి లెక్క ఇచ్చాడు. పరుగు మొదలైంది. చిన్న డ్రమ్ము, దాని కింద, దాని కింద, టిల్లీ, వాల్ట్. ఇన్నేళ్ళలో మొదటిసారి అది ఎక్కడా తొందరపడకుండా ఒక్కొక్క మెట్టూ దిగి కిందికి చేరింది. షిమోన్ అందులో ఎక్కడా లేడు.  బాగుంది కూడా. ఆ రెండూ నిజమే.

బస్సుల దగ్గర బూరలవాళ్ళు తలలెత్తి ఇటు చూశారు.

“ఇంకోసారి” అంది టిల్లీ.

“పోటీ అయిపోయింది కదే” అన్నాడు గ్లిన్. “ఇంకెందుకు?”

“వచ్చే ఏడాదికి” అంది ఆమె, కర్రలు సరిచేసుకుంటూ.